షియా బటర్ రివ్యూ: తెల్లదా, పొగ వాసన ఉన్నదా?

అందరికీ నమస్కారం. రెండు డబ్బాలు తెచ్చాను, రెండింటి మీదా షియా బటర్ అనే ఉంది. ఆఫ్రికాలో పెరిగే షియా చెట్టు గింజల నుంచి తీసే వెన్నలాంటి కొవ్వు ఇది. ఒకటి తెల్లగా, ఏ వాసనా లేకుండా ఉంది. ఇంకోటి లేత పసుపు, మూత తీయగానే కొంచెం పొగ వాసన. చాలామంది రెండోదాన్ని పాడైపోయిందనుకుంటారు. నా ఓటు మాత్రం దానికే.

షియా చెట్టు సెనెగల్ నుంచి ఉగాండా, ఇథియోపియా దాకా సహారాకు దక్షిణంగా పెరుగుతుంది. ఎక్కువగా దానంతటదే మొలిచేదే. పొలం కోసం మిగతా చెట్లు కొట్టేసినా రైతులు దీన్ని వదిలేస్తారు. కాపుకు రావడానికే 15, 20 ఏళ్లు పడుతుంది మరి! మన ఇప్ప చెట్టుదీ దీనిదీ ఒకే కుటుంబం. ఆదిలాబాద్ గోండులు ఇప్ప నూనెను వంటకు వాడినట్టే, ఘనా, బుర్కినా ఫాసో పల్లెల్లో ఈ వెన్నతోనే కూరలు వండుతారు. పసిపిల్లల ఒంటికి రాస్తారు, దీపాల్లో పోస్తారు. హర్మట్టన్ అనే పొడిగాలి వీచే నెలల్లో చర్మం పగలకుండా కాపాడేదీ ఇదే. బుర్కినా ఫాసోలోని బోబో జులాసో పట్టణం వైపు ఈ చెట్టు ఆకులు తినే గొంగళి పురుగులను కూడా ఇష్టంగా వండుకుంటారు.

ఈ వెన్న తీసే పనంతా ఆడవాళ్లదే. వానలు మొదలయ్యాక రాలిన పండ్లు తెల్లవారుజామునే ఏరుతారు. తీపి గుజ్జు తిని, గింజలు ఉడికించి, ఎండబెట్టి, పెంకు కొట్టి, లోపలి పప్పును దంచి, వేయించి, ముద్దగా నూరుతారు. ఆ ముద్దలో నీళ్లు పోస్తూ చేతులతో గిలకొడతారు. చల్ల చిలికితే వెన్న తేలినట్టు తెల్లటి కొవ్వు పైకొస్తుంది. భుజాలు పీకేసే పని అది. తర్వాత దాన్ని కాచి, నీరంతా ఇగిరాక వడగట్టి చల్లార్చుతారు. ఈ పొగ వాసన ఆ వేయింపుదే. ఫ్యాక్టరీలో శుద్ధి చేసినప్పుడు వాసన, రంగుతో పాటు విటమిన్ ఇ కూడా కొంత పోతుంది.

వాడకం సంగతికొస్తే, మొదట గట్టిగా ఉంటుంది, అరచేతుల మధ్య రుద్దితే కరుగుతుంది. మడమల పగుళ్లకు, పొడిబారిన మోచేతులకు చాలా బాగుంది. జిడ్డు ముఖానికి మాత్రం బరువే, వద్దు. సన్‌స్క్రీన్ బదులు రాసుకోమని ఎవరైనా చెబితే నమ్మకండి, దానికి ఇది సరిపోదు.

కొనేటప్పుడు లేబుల్ మీద ‘అన్‌రిఫైన్డ్’ (శుద్ధి చేయనిది) అని ఉందా, ఏ దేశం నుంచి వచ్చిందో రాశారా చూడండి. మహిళా సహకార సంఘం తయారుచేసిందైతే, కాస్త ఖరీదెక్కువైనా అదే తీసుకోండి.