ఆ 90 సెకన్లు ఎవరి కోసం?

అందరికీ నమస్కారం. లినక్స్ వాడేవాళ్లలో చాలామంది కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఈ తెర చూసే ఉంటారు. ఎర్ర చుక్కలు అటూ ఇటూ కదులుతుంటాయి, పక్కన 'స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్' అని, చివర నిమిషంన్నర గడువు. గడువు తీరగానే ఎమర్జెన్సీ మోడ్, అంటే మరమ్మతు కోసం కమాండ్లు కొట్టే తెర. డిస్క్ పోయిందనుకుని కొందరు అప్పటికప్పుడే ఓఎస్ మళ్లీ ఎక్కించేస్తారు. తొందరపడకండి.

ఆ 90 సెకన్లు, బూట్‌లో పనులన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ పెట్టుకున్న మామూలు గడువు. ఏ డ్రైవ్ ఏ ఫోల్డర్లో కనబడాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో యూఎస్‌బీ డ్రైవ్‌ కోసం ఎప్పుడో ఓ లైను రాశాం. డ్రైవ్ పీకేశాం, లైను ఉండిపోయింది. రాని చుట్టానికి విస్తరి వేసి, వచ్చినవాళ్లను తిననివ్వకుండా కూర్చోబెట్టడమే ఇది. డ్రైవ్‌ను ఫార్మాట్ చేసినా ఇదే గోల, దాన్ని గుర్తుపట్టే యూయూఐడీ అనే నంబరు మారిపోతుంది కదా! 'బీఎల్‌కేఐడీ' కమాండ్ చూపించేదీ ఫైల్లో ఉన్నదీ ఒకటేనా అని పోల్చుకోండి.

ఆ లైను ఆప్షన్లలో 'నోఫెయిల్' చేరిస్తే బూట్ ఇక ఆ డ్రైవ్ కోసం ఆగదు. ఇంటర్నెట్‌లో సలహాలు ఇక్కడితో అయిపోతాయి, అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. డ్రైవ్ రాకపోయినా, అది కనబడాల్సిన ఫోల్డర్ మాత్రం లోపలి డిస్క్ మీద ఖాళీగా ఉంటుంది. రాత్రి బ్యాకప్ స్క్రిప్ట్ వచ్చి అందులోనే రాసేస్తుంది, లోపలి డిస్క్ నిండిపోతుంది. కాబట్టి ఆ బ్యాకప్‌ను నడిపే సిస్టమ్‌డీ సర్వీస్ ఫైల్లో 'రిక్వైర్స్ మౌంట్స్ ఫర్' అనే లైను కూడా పెట్టండి, డ్రైవ్ లేకుండా బ్యాకప్ మొదలవదు. నా లెక్కలో ఇది నోఫెయిల్ కన్నా ముఖ్యం.

డ్రైవ్ పెట్టే ఉంది, అయినా ఆలస్యమా? లినక్స్ గుండెకాయ కెర్నల్, అది రాసుకునే లాగ్ తెరవండి. 'ఎర్రర్ మైనస్ 110' కనబడితే, డ్రైవ్ గడువులోగా జవాబివ్వలేదని అర్థం. సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందు కేబుల్ మార్చండి, హబ్ తీసేయండి. యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకన్నా ఎక్కువే లాగవచ్చు. సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెడితే చాలాసార్లు తేలిపోతుంది.

అప్పటికీ లాగ్‌లో 'యూఏఎస్' (యూఎస్‌బీ డిస్క్‌లతో వేగంగా మాట్లాడే పద్ధతి) పేరుతో రీసెట్లు వస్తుంటే, అనుమానం డిస్క్‌ను పెట్టిన డబ్బాలోని చిప్ మీద. కెర్నల్ కమాండ్ లైన్లో (బూట్‌లో కెర్నల్‌కు ఇచ్చే ఆప్షన్లలో) ఆ చిప్ ఐడీకి 'యూ' క్వర్క్, అంటే మినహాయింపు, ఇస్తే పాత పద్ధతికి దిగుతుంది. వేగం కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఓఎస్సే యూఎస్‌బీ మీదుంటే, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో కొందరు పెట్టుకున్నట్టు, నోఫెయిల్ పనికిరాదు. అక్కడ కెర్నల్ కమాండ్ లైన్లో 'రూట్‌వెయిట్' ఉందో లేదో చూసుకోవాలి. అది ఉంటే ఓఎస్ ఉన్న రూట్ డ్రైవ్ కనబడేదాకా కెర్నల్ ఎంతసేపైనా ఎదురుచూస్తుంది.

ఇక ప్రశ్నలు అడగండి.