లాక్ దొరికింది సరే, ఇచ్చింది ఎవరు?

అందరికీ నమస్కారం.

మా టీమ్‌లో రాత్రిపూట నడిచే ఒక ప్రోగ్రామ్‌ని రెండు సర్వర్లలో పెట్టాం. ఒకటి పడిపోతే రెండోది అందుకుంటుందని. రెండూ ఒకేసారి నడవకుండా, షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైల్‌కి లాక్ వేశాం. ఒకరోజు పొద్దున్న చూస్తే, ఫైల్‌లో ఒకే లైన్‌లో సగం ఒక సర్వర్ రాసింది, సగం ఇంకోటి రాసింది. లాగ్‌లో మాత్రం రెండు చోట్లా ‘లాక్ దొరికింది’ అనే ఉంది.

అందులో అబద్ధం లేదు. ఆ షేర్డ్ ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీద రెండు సర్వర్లకీ అందించేది ఎన్‌ఎఫ్‌ఎస్ అనే ప్రోటోకాల్. ఆ మౌంట్‌కి, అంటే ఫోల్డర్‌ని సర్వర్‌లో తగిలించిన చోటుకి, ఎవరో ‘నోలాక్’ ఆప్షన్ పెట్టారు. దాంతో లాక్ అడిగిన మెషీన్ దాటి బయటికి పోదు. రెండు సర్వర్లూ ఎవరికి వారే లాక్ ఇచ్చుకున్నాయి. అందుకే నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే: లాక్ దొరికిందని తెలియగానే ఊరుకోకండి, అది ఎవరు ఇచ్చారో చూడండి.

యూనిక్స్‌లో లాకులు ఒక రకం కాదు. 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ వెర్షన్‌తో ఫ్లాక్ అనే లాక్ వచ్చింది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకి ఉమ్మడిగా పెట్టుకున్న పోజిక్స్ ప్రమాణం ఎఫ్‌సీఎన్‌టీఎల్ అనే ఇంకో రకం లాకులను తీసుకుంది, వాటినే పోజిక్స్ లాకులు అంటారు. ఫ్లాక్ తెరిచిన ఫైల్‌కి అంటిపెట్టుకుని ఉంటుంది, పోజిక్స్ లాక్ ప్రాసెస్‌ది, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ది. ఈ రెండోదానిలో ఒక పెద్ద ప్రమాదం ఉంది. మీరు లాక్ పట్టుకుని పని చేసుకుంటున్నారు. మీరు వాడే ఏదో లైబ్రరీ అదే ఫైల్‌ని చదవడానికి తెరిచి, చదివి, మూసేసింది. అంతే, మీ లాక్ కూడా పోయింది! ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. దీనికి విరుగుడుగా లైనక్స్ 3.15లో, తెరిచిన ఫైల్‌కే అంటిపెట్టుకుని ఉండే ఓఎఫ్‌డీ లాకులు తెచ్చారు. కొత్తగా రాసేవాళ్లు వాటినే వాడండి.

ఇక నెట్‌వర్క్ సంగతి. లైనక్స్ 2.6.12కి ముందు, ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఫ్లాక్ వేస్తే అది ఆ మెషీన్ వరకే పనిచేసేది. ఆ తర్వాత దాన్ని ఫైల్ మొత్తానికీ పోజిక్స్ లాక్‌గా మార్చి, ఫైళ్లు ఉన్న ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌కి పంపుతున్నారు. మంచిదే. కానీ లోకల్ డిస్క్ మీద ఒకదాన్నొకటి పట్టించుకోని ఫ్లాక్, ఎఫ్‌సీఎన్‌టీఎల్ లాకులు ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఢీకొంటాయి. చదవడానికి మాత్రమే తెరిచిన ఫైల్‌కి ఎక్స్‌క్లూజివ్ లాక్ (ఇంకెవరికీ చోటివ్వని లాక్) కూడా దొరకదు. మన ల్యాప్‌టాప్‌లో నడిచిన కోడ్ అక్కడ ఆగిపోవడానికి ఇదొక కారణం.

ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్‌లో లాకుల పని వేరే ప్రోటోకాల్‌ది, దాని పోర్టులూ వేరు. ఫైర్‌వాల్ వాటిని ఆపేస్తే ఫైళ్లు చక్కగా తెరుచుకుంటాయి, లాక్ అడిగితే మాత్రం ప్రోగ్రామ్ వేలాడుతూ ఉంటుంది. నాలుగో వెర్షన్‌లో లాకులు ప్రోటోకాల్‌లోనే భాగం, అన్నీ 2049 పోర్టులోనే. ఎంచుకునే వీలుంటే నాలుగే ఎంచుకోండి.

విండోస్ వైపు నుంచి వచ్చిన ఎస్‌ఎంబీ అనే ఫైల్ షేరింగ్ ప్రోటోకాల్ తీరు వేరు. యూనిక్స్ లాక్ అంటే మర్యాద లాంటిది, అడిగినవాళ్లనే ఆపుతుంది. ఎస్‌ఎంబీలో లాక్ అడగనివాళ్లకీ వర్తిస్తుంది. లైనక్స్ 5.5 నుంచి ఎస్‌ఎంబీ మౌంట్ మీద వేసిన ఫ్లాక్ కూడా ఇలాగే మారింది. లాక్ పట్టిన ఫైల్‌ని ఇంకొకరు చదవబోయినా ‘అనుమతి లేదు’ అంటుంది.

ఒకే ఫైల్‌లో ఉండే డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌ని వాడేవాళ్లకి ఒక మాట: మార్పుల్ని ముందు వేరే లాగ్ ఫైల్‌లో రాసే దాని వాల్ మోడ్‌కి, ఒకే మెషీన్‌లోని ప్రోగ్రామ్‌లు పంచుకునే షేర్డ్ మెమరీ కావాలి, కాబట్టి రెండు మెషీన్ల మధ్య అది పనిచేయదు. అక్కడ లాకులతో కుస్తీ పట్టకండి, డేటాబేస్ సర్వర్ పెట్టుకోండి.

మీ సెటప్‌ని రెండు మెషీన్ల మీదే పరీక్షించండి. మొదటిదానిలో మీ ప్రోగ్రామ్‌తో లాక్ వేయించి పట్టుకుని ఉండనివ్వండి. రెండోదానిలో అదే ఫైల్‌కి లాక్ అడగండి. దొరికిందంటే ఆ మౌంట్‌ని నమ్మకండి. దొరకకపోతే, మొదటి మెషీన్ నెట్‌వర్క్ కేబుల్ పీకి రెండు నిమిషాలు ఆగండి. ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగులో లైనక్స్ సర్వర్ మామూలుగా 90 సెకన్లు చూస్తుంది. తర్వాత రెండోదానికి లాక్ ఇచ్చేస్తుంది. ఇప్పుడు కేబుల్ తిరిగి పెట్టండి. లాక్ ఇంకా తనదే అనుకుంటున్న మొదటి ప్రోగ్రామ్ రాయబోతుంది. లైనక్స్ 3.12 నుంచి దానికి ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ చూసి మీ కోడ్ ఆగుతుందో, మింగేసి ముందుకెళ్తుందో అప్పుడు తెలుస్తుంది.