తెగేదాకా లాగొద్దు

అందరికీ నమస్కారం. లేత్ షాపులవాళ్లు, పిండిమరలవాళ్లు, కంప్రెసర్లు పెట్టుకున్నవాళ్లు వచ్చారు. "వీ బెల్టు ఎన్నాళ్లకు మార్చాలండీ?" అని అందరూ అడిగేదే. వీ బెల్టంటే మోటారు తిప్పుడును మెషిన్‌కు అందించే, వీ ఆకారపు రబ్బరు పట్టీ. నెలల లెక్క నేను చెప్పను. రోజుకో గంట నడిచే డ్రిల్లింగ్ మెషిన్ బెల్టూ, పొద్దుగూకేదాకా తిరిగే పిండిమర బెల్టూ ఒకేసారి అరగవు కదా.

బెల్టునే చూడాలి. మెయిన్ ఆపి, ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాకే బెల్టు మీద కప్పిన గార్డు విప్పండి. కండువా ఉంటే పక్కన పెట్టండి. బెల్టును వెనక్కి వంచితే లోపలివైపు అడ్డంగా పగుళ్లు కనిపించినా, అంచుల్లో దారాలు లేచినా, ఆయిల్ తాగి ఉబ్బినా మార్చాల్సిందే. పక్కలు గాజులా మెరుస్తుంటే జారి జారి కాలిందన్నమాట. పళ్ల బెల్టుకు తయారీలోనే గాట్లుంటాయి, వాటిని చూసి కంగారుపడకండి.

నేను ఎక్కువగా నమ్మేది పుల్లీ గాడిని, అంటే బెల్టు తిరిగే చక్రం మీద అది కూర్చునే కాలువను. వీ బెల్టు పక్కలతోనే పట్టుకుంటుంది, దాని అడుగు గాడికి తగలకూడదు. గాడి అడుగు తళతళలాడుతోందంటే బెల్టో పుల్లీయో అరిగింది. ఏది అరిగిందో తేలాలంటే అదే సైజు కొత్త బెల్టు వేసి చూడండి. దాని పైభాగం పుల్లీ అంచుకు సమంగానో, కాస్త పైకో నిలవాలి. కొత్తదీ లోపలికి కూరుకుపోతే పుల్లీ పనైపోయింది. అలాంటి పుల్లీకి ఎన్ని కొత్త బెల్టులు వేసినా డబ్బు దండగే.

స్టార్ట్ చేయగానే కీచుమంటే మనవాళ్లు ముందు చేసే పని మోటారును వెనక్కి లాగి బిగించడం. ఇంకొందరు గుగ్గిలం పూస్తారు. అది తోలు పట్టీల కాలం వైద్యం, వీ బెల్టుకు పనికిరాదు. టెన్షన్, అంటే బెల్టు బిగువు, మరీ ఎక్కువైతే బెల్టు కంటే ముందు మోటారు బేరింగే పోతుంది. మామూలుగా రెండు పుల్లీల మధ్య అర మీటరు దూరం ఉంటే, కంపెనీ చెప్పినంత బలంతో మధ్యలో నొక్కినప్పుడు 8 మిల్లీమీటర్లు దిగాలి. మోటారును జరిపే స్లైడు చివరికొచ్చినా బెల్టు వదులుగానే ఉంటే ఇక బిగించేదేమీ లేదు, మార్చడమే.

మూడు బెల్టుల లేతులో ఒకటి తెగితే ఒక్కటే కొనే అలవాటు మానుకోండి. పాతవి సాగి ఉంటాయి కాబట్టి లోడంతా కొత్తదాని మీదే పడుతుంది. మూడూ ఒకే కంపెనీవి, ఒకే నంబరువి వేయండి. బెల్టు మీది నంబరు బీ-52 అంటే బీ సెక్షన్, అంటే 17 మిల్లీమీటర్ల పైవెడల్పు, లోపలి పొడవు 52 అంగుళాలు. నంబరు చెరిగిపోకముందే గార్డు లోపల పెయింటుతో రాసుకోండి.

బెల్టు ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవరుతో మీటొద్దు. లోపలి తాళ్లు తెగినా పైకి కనబడదు. మోటారు బోల్టులు వదులు చేసి, చేత్తో ఎక్కించి, తర్వాత బిగించండి. కొత్త బెల్టు గాడిలో కుదురుకోగానే కాస్త వదులవుతుంది, మర్నాడు మళ్లీ టెన్షన్ చూడండి.

రండి, ఆ డ్రిల్లింగ్ మెషిన్ గార్డు విప్పి చూద్దాం. ముందు ఫ్యూజు ఎవరు తీస్తారు?