రొయ్యలూ, నీళ్ల గోలా

[మూకుడు దగ్గరగా. రొయ్యలు నీళ్లలో తేలుతున్నాయి.]

చూశారా? ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. నూనె కాగగానే అరకిలో రొయ్యలు ఒకేసారి కుమ్మరించాను, కాసేపట్లోనే ఇలా చెరువైంది. ఇక్కడ మనలో చాలామంది ఏం చేస్తాం? "నీళ్లన్నీ ఇగిరిపోనీ" అని మంట పెంచి నిలబడతాం. అవి ఇగిరేసరికి పది నిమిషాలు పడుతుంది. రొయ్యకేమో మూడు నిమిషాలు చాలు. మిగతా ఏడు నిమిషాలూ మనం వండుతున్నది రబ్బరే.

ఇన్ని నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో చూద్దాం. కథ కొట్లోనే మొదలవుతుంది.

[ఫ్రోజెన్ ప్యాకెట్ చేతిలో]

గడ్డకట్టిన రొయ్యకి పైన పల్చటి ఐసు పొర ఉంటుంది, గ్లేజింగ్ అంటారు. ఫ్రీజర్లో ఆరిపోకుండా వేసేది కాబట్టి అది మోసమేం కాదు. కాకపోతే ప్యాకెట్ మీద బరువు ఐసుతో కలిపా, ఐసు తీసేశాకా అన్నది చూసుకోండి. తర్వాత ప్యాకెట్ తిప్పి పదార్థాలు చదవండి. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే, రొయ్య నీళ్లు పట్టి ఉంచుకోవడానికి వేసిందన్నమాట. తూకంలో కొంత నీళ్లకే డబ్బులిస్తున్నాం. నేనైతే రొయ్యలు, ఉప్పు తప్ప ఇంకేం లేని ప్యాకెట్టే తీసుకుంటాను. విడివిడిగా ఫ్రీజ్ చేసిన రకమైతే ప్యాకెట్ ఊపగానే గలగలలాడాలి. ముద్దకట్టి, అడుగున ఐసు పేరుకుని ఉంటే మధ్యలో ఎక్కడో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టినట్టే.

పచ్చివైతే ముక్కునే నమ్మండి. నీచు వాసన సహజమే. అమ్మోనియా ఘాటు కొడితే మాత్రం మారు మాట లేకుండా వదిలేయండి. తల ఒంటికి గట్టిగా అతుక్కుని ఉండాలి, ఒళ్లు నొక్కితే మెత్తగా జావలా ఉండకూడదు. పెంకు మీద నల్లమచ్చలు రొయ్యలోని ఎంజైమ్ వల్ల వస్తాయి. అవి విషమేం కాదు గానీ పట్టి చాలాసేపైందని చెబుతాయి. ఇంకో మాట, సముద్రానికి దూరంగా ఉన్నచోట్ల ఐసు మీద పరిచి 'ఫ్రెష్' అని అమ్మేవి చాలామటుకు ఫ్రోజెన్‌వి కరిగించినవే. వాటిని తెచ్చి మళ్లీ ఫ్రీజర్లో పెట్టకండి, ఆ రోజే వండేయండి.

సైజు సంగతి తిరకాసుగా ఉంటుంది. కౌంట్ 30 అంటే కిలోకి 30 తూగుతాయని. కొన్ని ప్యాకెట్ల మీద 21/25 అని ఉంటే అది పౌనుకి, అంటే 454 గ్రాములకి, 21 నుంచి 25 తూగుతాయని లెక్క. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది. తలతో కిలో కొంటే ఒలిచాక చేతికొచ్చేది ఇంచుమించు సగమే.

కరిగించడానికి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచడం మేలు. తొందరైతే కవరు మూతి గట్టిగా కట్టి చల్లటి నీళ్లలో అరగంట. ఒకసారి నేను వేణ్నీళ్లలో వేశాను. పైన ఉడికింది, లోపల ఐసు అలాగే ఉంది.

[దగ్గరగా: వేళ్లు, టూత్‌పిక్]

వీపు వెంట ఉన్న ఈ నల్లటి దారాన్ని నరం అంటాం గానీ నిజానికి ఇది పేగు. లోపలున్నది రొయ్య తిన్న తిండీ, ఇసకా. అసలు నరాల తాడు పొట్టవైపు ఉంటుంది. పేగు తీయడానికి వీపంతా కోయక్కర్లేదు. తల వైపు నుంచి రెండో కణుపుకీ మూడో కణుపుకీ మధ్య టూత్‌పిక్ అడ్డంగా గుచ్చి, నెమ్మదిగా పైకి లేపండి. ఇదిగో, దారంలా వస్తోంది. గట్టిగా లాగారో, మధ్యలో తెగుతుంది.

ఇప్పుడు అరకిలో రొయ్యలకి అర టీస్పూను ఉప్పు, పావు టీస్పూను వంట సోడా పట్టించి ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాలు ఉంచండి. వేడి తగిలితే రొయ్యలోని ప్రొటీన్లు బిగుసుకుని, పిండినట్టు నీళ్లు బయటికొస్తాయి. మూకుట్లో చెరువు చాలావరకు అదే. ఉప్పూ సోడా ఆ బిగుతును తగ్గిస్తాయి. సోడా చెయ్యి జారితే సబ్బు రుచి వస్తుంది, జాగ్రత్త. తర్వాత పొడి బట్ట మీద పరిచి, పైన ఇంకో బట్టతో అద్దండి. బట్ట తడిసిపోతే ఇంకోటి మార్చండి. ఈ అద్దడం దగ్గర బద్ధకిస్తే ముందు చేసిందంతా వృథా.

[మళ్లీ మూకుడు. సగం రొయ్యలే, ఒకదానికొకటి తగలకుండా.]

నూనె బాగా కాగాక వేశాను. ఒకేసారి అన్నీ వేస్తే మూకుడు చల్లబడి, వేగాల్సినవి ఉడుకుతాయి. అందుకే రెండు వాయిలు. బూడిదరంగు ఎర్రబడుతోంది చూడండి. అస్టాజాంతిన్ అనే ఎర్ర వర్ణకం పచ్చి రొయ్యలో ప్రొటీన్‌తో అతుక్కుని ఉంటుంది, వేడికి విడిపోయి బయటపడుతుంది. నిమిషంన్నర అయింది, తిప్పుతున్నాను. కొడవలిలా వంగి, లోపల గాజులా కనిపించకుండా తెల్లబడితే అయిపోయినట్టే. సున్నా చుట్టుకుంటే దాటిపోయింది. థర్మామీటర్ ఉంటే 63 డిగ్రీల సెల్సియస్ చూసుకోండి. ఇంకో పది సెకన్లుందనగా దించేయండి, పళ్లెంలో ఆ వేడికే పూర్తవుతుంది.

గ్రేవీ చేసేవాళ్లకీ లెక్క ఇదే. ఉల్లిపాయ, మసాలా అంతా పూర్తిగా ఉడికి చిక్కబడ్డాకే రొయ్యలు వేయండి, మూడు నాలుగు నిమిషాల్లో పొయ్యి కట్టేయండి. ఒలిచిన పెంకులు పారేయకండి. కాస్త నూనెలో వేయించి, నీళ్లు పోసి ఇరవై నిమిషాలు మరిగించి వడకడితే, గ్రేవీలో పోయాల్సిన నీళ్లు అవే.

[పళ్లెంలోకి తీస్తూ, మూకుడు అడుగు దగ్గరగా]

అడుగున చూడండి, ఈసారి నూనె తప్ప ఏం లేదు. ఉండండి, రెండో వాయి వేస్తున్నాను.