గుత్తి సాలీడు, గాజుపెట్టెలో తేమ

శ్రోతలందరికీ నమస్కారం. గుత్తి అనగానే మనకు కోట, రైల్వే జంక్షన్ గుర్తొస్తాయి కదా. అదే అమెరికాలోనో జర్మనీలోనో టరాంటులాలు, అంటే ఒళ్లంతా బొచ్చుండే పెద్ద సాలీళ్లు, పెంచుకునేవాళ్ల దగ్గర గుత్తి పేరెత్తి చూడండి, వాళ్లకి గుర్తొచ్చేది నీలంగా మెరిసే ఒక పెద్ద సాలీడు. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడుని పరిశీలించి పొయెసిలోథేరియా మెటాలికా అని పేరు పెట్టాడు. తర్వాత వందేళ్ల పాటు అది శాస్త్రవేత్తల కంట పడలేదు, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. ఇప్పుడు అది తీవ్రంగా అంతరించిపోతున్న జీవుల జాబితాలో ఉంది, కాబట్టి అడవిలోదాన్ని అడవిలోనే ఉండనివ్వాలి. బయటి దేశాల్లో పెంచుకునేవి చాలావరకు పెట్టెల్లోనే పుట్టి పెరిగినవి.

సరే, ఈ పెట్టెల సంగతే ఈరోజు మాట్లాడుకుందాం, ముఖ్యంగా తేమ. కొత్తగా సాలీడు తెచ్చుకున్న ప్రతి ఒక్కరికీ ఇదే టెన్షన్. తేమ డెబ్బై శాతం ఉండాలా, ఎనభై ఉండాలా, మీటర్లో యాభై చూపిస్తోంది చచ్చిపోతుందేమో అని రోజుకి మూడుసార్లు స్ప్రే కొడుతుంటారు. నా మాట వినండి, ఆ మీటర్ తీసి పక్కన పెట్టేయండి.

ఎందుకంటారా? మన గుత్తి సాలీడునే చూడండి. అది ఉండేది పెద్ద పెద్ద చెట్ల తొర్రల్లో. ఎండాకాలంలో ఆ నల్లమల పక్క అడవిలో ఆకులు రాలిపోయి గాలి నిప్పులు కక్కుతుంటుంది, అయినా అది బతుకుతుంది, ఎందుకంటే తొర్ర లోపల బయట ఆరినంత తొందరగా ఆరదు. అంటే సాలీడు కూర్చునే చోట తేమ ఎంతుందన్నదే లెక్క. మీరు మూతకి అంటించిన మీటర్ చెప్పేది మూత దగ్గరి గాలి సంగతి. కింద మట్టిలో, బెరడు వెనక, బొరియ అడుగున ఏముందో దానికి తెలియదు. పైగా గది కాస్త వేడెక్కితే చాలు, గాలిలో నీటి ఆవిరి అంతే ఉన్నా శాతం పడిపోతుంది. చవక మీటర్లయితే అసలు సరిగ్గా చూపించవు కూడా.

సాలీడు ఒంట్లోంచి నీళ్లు పోయేది రెండు దారుల్లో, చర్మంలోంచి కొంత, ఊపిరి తీసుకునేటప్పుడు కొంత. టరాంటులాకి పొట్ట అడుగున నాలుగు తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, వాటి కిందే ఉంటాయి దాని ఊపిరితిత్తులు, లోపల పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఇంకో విషయం తెలిస్తే నీళ్లు ఎందుకంత అవసరమో అర్థమవుతుంది. దాని కాళ్లు ముడవడానికి కండరాలున్నాయి కానీ, ముఖ్యమైన కీళ్ల దగ్గర చాపడానికి లేవు. జేసీబీ చేయి ఆయిల్ ఒత్తిడితో లేచినట్టు, ఒంట్లోని ద్రవం ఒత్తిడితోనే కాళ్లు చాస్తుంది. నీళ్లు తగ్గాయా, ఒత్తిడి తగ్గుతుంది, కాళ్లు ఒంటి కిందకి ముడుచుకుపోతాయి.

మరి ఏం చేయాలి? గాలిని తడపొద్దు, మట్టిని తడపండి. కోకోపీట్ గానీ, మందులు కలపని మట్టి గానీ మందంగా వేసి, ఒక మూల నుంచి నెమ్మదిగా నీళ్లు పోయండి, అడుగుకి దిగిపోవాలి. పై పొర ఆరిపోయినా ఫర్వాలేదు, కింద తడి ఉంటే దానికి కావలసిన చోటు అదే వెతుక్కుంటుంది. మట్టిని గుప్పిట్లో పట్టి పిండి చూడండి, ముద్దకట్టి నిలిస్తే చాలు, వేళ్ల మధ్య నీళ్లు కారితే ఎక్కువైనట్టే. పక్కన చిన్న నీళ్ల గిన్నె తప్పనిసరి. దాంట్లో స్పాంజి మాత్రం పెట్టకండి, మురికి, బాక్టీరియా చేరడం తప్ప దానివల్ల ఏమీ ఒరగదు.

అన్ని సాలీళ్లకీ ఒకే తడి పనికిరాదు. గయానా, సూరినామ్ వానఅడవుల్లో ఉండే గోలియత్‌కి అడుగు మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. చిలీ నుంచి వచ్చిన రోజ్‌హెయిర్‌కి పొడి మట్టి, నీళ్ల గిన్నె ఉంటే చాలు. దాన్ని తడి మట్టిలో వదిలి చూడండి, ఒక్కో కాలూ పైకెత్తి మునివేళ్ల మీద నిలబడుతుంది, కాసేపటికి గాజు గోడెక్కి కూర్చుంటుంది. అలా ఎక్కిందంటే మట్టి ఆరబెట్టమని అడుగుతున్నట్టే.

అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు పోయేది గాలి ఆడకుండా మూసేసి, శాతం పెంచాలని నీళ్లు కొట్టడం వల్లే అని నా గట్టి అభిప్రాయం. చెట్ల మీద ఉండే అవిక్యులేరియా జాతివి ముఖ్యంగా తట్టుకోలేవు. రెండు పక్కలా రంధ్రాలుండి గాలి అటూ ఇటూ ఆడాలి. బూజు వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని కాదు, చాలాసార్లు గాలి తక్కువైందని. బూజు తినే బుల్లి పురుగులైన స్ప్రింగ్‌టెయిల్స్ వేస్తే కొంత నయం, కానీ రంధ్రాలు పెట్టాల్సిన పని అవి చేయవు.

పిల్ల సాలీళ్ల సంగతి వేరు. వాటికి ఒళ్లు చిన్నది, తొందరగా ఎండిపోతాయి. ఎడారి జాతి పిల్లకైనా డబ్బాలో ఒక పక్క కొంచెం తడి ఉంచాలి. షికాగోలోనో టొరంటోలోనో ఉన్న మనవాళ్లు చలికాలంలో రోజంతా హీటర్ వేస్తారు, ఆ గాలికి వారంలో ఆరాల్సిన మట్టి రెండు మూడు రోజుల్లోనే ఆరిపోతుంది, చూసుకుంటూ ఉండాలి. విశాఖలాంటి సముద్రం పక్క ఊళ్లలో దీనికి పూర్తిగా రివర్సు.

కుబుసం విడిచేటప్పుడు సాలీడు వెల్లకిలా పడుకుంటుంది. చచ్చిపోయిందని కంగారుపడి తిప్పకండి, స్ప్రే కొట్టకండి. పాత చర్మం పగిలేది ఒంటి లోపలి ద్రవం ఒత్తిడికే, అందుకే అంతకుముందు వారాల్లో గిన్నె నిండా నీళ్లుండటం ముఖ్యం. తిండి మానేసి, పొట్ట నల్లబడితే గిన్నె నింపి వదిలేయండి.

పొట్ట ముడతలుపడి, కాళ్లు కిందకి ముడుచుకుని, నిటారుగానే కదలకుండా కూర్చుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. తల భాగాన్ని నెమ్మదిగా లోతులేని నీళ్ల గిన్నె అంచున ఆనించండి, నోరు నీళ్లకి తగలాలి, పొట్ట మాత్రం బయటే ఉండాలి, ఊపిరి తీసుకునే రంధ్రాలు దాని కిందే ఉన్నాయి కాబట్టి.