లారెన్స్ బ్యాండ్ రివ్యూ: పియానో పాటకు ట్రంపెట్ జవాబు చెబితే

నమస్కారం అండి, అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు ఒక అమెరికా బ్యాండ్ గురించి చెప్పుకుందాం. పేరు లారెన్స్, ఊరు న్యూయార్క్. క్లైడ్ లారెన్స్, గ్రేసీ లారెన్స్ అని అన్నాచెల్లెళ్లు ఇద్దరు దీన్ని నడుపుతారు. అన్న కీబోర్డ్ వాయిస్తూ పాడతాడు, చెల్లెలు పక్కనే నిలబడి పాడుతుంది. వెనక గిటార్, బేస్, డ్రమ్స్, ఒక ట్రంపెట్, రెండు శాక్సోఫోన్లు. మొత్తం 8 మంది. ఇంగ్లీషు పాటలు మనకెందుకులే అనుకునేవాళ్లు కూడా కాసేపు ఉండండి. మన ఊళ్లో పెళ్లి బ్యాండ్ వాయించేవాళ్లకు, ఇంట్లో కీబోర్డ్ పెట్టుకుని సొంత పాటలు కట్టుకునే పిల్లలకు ఇందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ముందు వాళ్ల నేపథ్యం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 2016లో బ్రేక్‌ఫస్ట్, 2018లో లివింగ్ రూమ్, 2021లో హోటల్ టీవీ, 2024లో ఫ్యామిలీ బిజినెస్ అనే ఆల్బమ్‌లు వచ్చాయి. వీళ్ల నాన్న మార్క్ లారెన్స్ హాలీవుడ్‌లో రచయిత, దర్శకుడు, కాబట్టి ఇంట్లో కళ ముందు నుంచీ ఉంది. కానీ ఈ బ్యాండ్‌కు జనం వచ్చింది ఊరూరూ తిరిగి షోలు చేసినందుకే. 2023లో జోనస్ బ్రదర్స్ అనే పెద్ద అమెరికా బ్యాండ్ టూర్‌లో వాళ్ల కంటే ముందు స్టేజీ ఎక్కి వాయించే స్థాయికి వచ్చారు.

సరే, అసలు విషయం పాట.

వీళ్లను ఎప్పుడూ వినకపోతే డోంట్ లూజ్ సైట్ అనే పాటతో మొదలుపెట్టండి. హోటల్ టీవీలోది. ఇదే పాటను అకూస్టిక్-ఇష్ అని ఇంకో రకంగా కూడా వాయించారు, నేను చెప్పేది ముఖ్యంగా దాని గురించే. క్లైడ్ గొంతు కొంచెం గరుకు. గ్రేసీది నిండు గొంతు, పైస్థాయిలో కూడా తేలిగ్గా నిలబడుతుంది. ఈ రెండు గొంతులకూ మధ్యలో ట్రంపెట్, శాక్సోఫోన్లు మూడో గాయకుడిలా వస్తాయి. మనం మామూలుగా వినే పాటల్లో ఇవి ఎక్కడుంటాయి? పల్లవి అయ్యాక ఒక బిట్టు, చరణానికి ముందు ఇంకో బిట్టు. గొంతు ఆగితేనే వాటికి చోటు. ఇక్కడ అలా కాదు. పాడే మనిషి వాక్యం పూర్తి చేసీ చేయకముందే చిన్న జవాబు వస్తుంది, రెండు మూడు స్వరాలు, టక్కున ఆగిపోతుంది. ఆ ఆగడంలోనే ఊపు పుడుతుంది.

క్లైడ్ ఎడమ చేయి కూడా గమనించండి. కీబోర్డ్ వాయించేవాళ్లలో చాలామందికి రెండు చేతులూ నిండుగా వాయించే అలవాటు, కింద కార్డ్ (అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం), పైన రాగం, మధ్యలో ఏ ఖాళీ కనిపించినా పూరించేస్తారు. బేస్ గిటార్ చేసే పని బేస్ గిటార్‌కు వదిలేసి ఇతను కార్డులు పొడిపొడిగా కొడతాడు. పియానో అలా తగ్గింది కాబట్టే మిగతా వాయిద్యాలకు గాలి ఆడుతుంది. పియానో పాట అంటే పియానో ఒక్కటే వినపడాలనుకునేవాళ్లు ఇది తప్పకుండా వినాలి.

ఈ పాటను మా పాతూరులో ఒక పెద్దాయనకు వినిపించాను. పెళ్లి బ్యాండ్‌లో ఏళ్ల తరబడి ట్రంపెట్ వాయిస్తున్న మనిషి, నేను మామా అని పిలుస్తాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నాడు. పాట బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. వెనక్కి జరిపి ఒక్క ముక్క మళ్లీ పెట్టించుకున్నాడు. "విడిచేది చూడు అల్లుడూ. పట్టేది ఎవురైనా పడ్తారు. ముగ్గురూ ఒకేసారి ఊపిరి తీసుకుంటాండారు, ఒకేసారి వదుల్తాండారు" అన్నాడు. నాకు అప్పటిదాకా అది వినపడలేదు. ఇప్పుడు అదే ముందు వినపడుతుంది. ముగ్గురు ఊదే చోట ఒక్కరు రవ్వంత ఆలస్యంగా ఆపినా స్వరం చివర తోకలా వేలాడుతుంది. వీళ్ల దగ్గర ఆ తోక ఉండదు. ఏళ్ల తరబడి ఒకే జట్టుగా వాయిస్తేనే అది వస్తుంది, స్టూడియోలో గంటల లెక్కన పిలిపించుకుంటే రాదు.

ఇక ఫ్యామిలీ బిజినెస్ ఆల్బమ్ దగ్గరికి వద్దాం. అన్నీ మెచ్చుకోలేను. వాచా వాంట్ పాటకు పూర్తి మార్కులు, అందులో ఊదే వాయిద్యాలే పాటను ముందుకు లాక్కెళ్తాయి. కానీ కొన్ని పాటల్లో డ్రమ్స్, బేస్ ఎంత లావుగా మిక్స్ చేశారంటే ట్రంపెట్ వెనక గదిలో వాయిస్తున్నట్టుంది. ఇంత మంచి మనుషులను పెట్టుకుని వాళ్ల శబ్దాన్ని ఎందుకు తగ్గించారో అని బాధేసింది. మాటలు కూడా ఒక్కోచోట మరీ కిక్కిరిసిపోతాయి, రాగం కుదుటపడే లోపలే ఇంకో వాక్యం వచ్చి పడుతుంది. అందుకే ఆల్బమ్ కంటే వీళ్ల లైవ్ వీడియోలకే నా ఓటు. లైవ్‌లో ఊదేవాళ్లు ముగ్గురూ ముందు వరసకు వస్తారు, శబ్దం కూడా ముందుకు వస్తుంది.

డబ్బు విషయం కూడా చెప్పాలి, వీళ్ల మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే. 2023 జనవరి 24న అమెరికా సెనెట్ జ్యుడీషియరీ కమిటీ టికెట్ల వ్యాపారం మీద విచారణ పెట్టినప్పుడు క్లైడ్ వెళ్లి సాక్ష్యం చెప్పాడు. లెక్క సూటిగా పెట్టాడు. టికెట్ ధర 30 డాలర్లు అయితే ఫీజులు కలిపి అభిమాని కట్టేది 42. అందులో బ్యాండ్ చేతికి వచ్చేది 12. ప్రయాణం, బస లాంటి టూర్ ఖర్చులు పోగా మిగిలేది 6. ఆ 6 డాలర్లు 8 మందికి, అదీ పన్ను కట్టకముందు. ఒకచోట 10 ఉతికిన టవల్స్‌కు 250 డాలర్లు వేశారని కూడా చెప్పాడు. తమకు స్టేజీ ఇచ్చే కంపెనీల గురించి ఇలా బయటికి మాట్లాడటానికి ధైర్యం కావాలి. మన దగ్గర బ్యాండ్ మేళం వాళ్లను అడగండి, పెళ్లివాళ్లు ఇచ్చింది ఎంత, మధ్యలో మాట్లాడిపెట్టినవాళ్లు తీసుకున్నది ఎంత, ఆటో, టిఫిన్ పోగా మనిషికి వచ్చింది ఎంత అని. వాళ్ల లెక్క వినడానికి ఏ కమిటీ కూర్చోదు.

ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లు ఉండవు. ట్రంపెట్లు, శాక్సోఫోన్లు పెట్టెల్లో ఉంటాయి, వాయించేవాళ్లు వేరే పనులకు పోతారు. సొంతంగా పాటలు రాసుకునే కీబోర్డ్ పిల్లలు అదే సమయంలో వాళ్ల దగ్గరికి వెళ్లాలని నా కోరిక. వెళ్లేముందు ఒక సంగతి తెలుసుకోండి, లేకపోతే మొదటి రోజే గొడవవుతుంది. ట్రంపెట్ ఆయన సి అనుకుని ఊదితే మీ కీబోర్డ్ మీద అది బీ ఫ్లాట్, అంటే మన లెక్కలో ఆరున్నర శ్రుతి. టెనార్ రకం శాక్సోఫోన్‌దీ అదే లెక్క. ఆల్టో రకం శాక్సోఫోన్‌లో సి ఊదితే పలికేది ఈ-ఫ్లాట్ (E flat), రెండున్నర శ్రుతి. కాబట్టి మీరు సి మేజర్‌లో పాట కట్టుకుని అందరికీ అదే స్కేల్ చెప్పారంటే మీ కీబోర్డ్, ట్రంపెట్, ఆల్టో మూడూ మూడు దారుల్లో పోతాయి. మొదటి పాట బీ ఫ్లాట్‌లో కట్టండి. అప్పుడు ట్రంపెట్ ఆయన తన సి లో వాయిస్తాడు, ఆల్టో ఆయన తన జి లో వాయిస్తాడు, వేళ్లకు ఇబ్బంది ఉండదు. మీ గొంతుకు ఆ శ్రుతి అందకపోతే ఈ-ఫ్లాట్‌కు (E flat) మార్చి చూడండి.

పాట నిండా వాయించమని వాళ్లను అడగొద్దు. పల్లవిలో మీ ప్రతి వాక్యం చివర రెండు స్వరాల జవాబు, అంతే చాలు. ఆ జవాబు ఎక్కడ విడవాలో వాళ్లనే అడగండి, ఆ సంగతి మనకంటే వాళ్లకే బాగా తెలుసు. కర్నూలు, కడప వైపు అలా ఎవరైనా చేస్తుంటే రికార్డ్ చేసి పంపండి. ఫోన్‌లో తీసినా పర్వాలేదు. వాయించిన వాళ్లందరి పేర్లూ వేసి ఈ ఛానెల్‌లో పెడతాను.