ఎక్కే బండిని దిగే రోడ్డు మీద చూపిస్తే డ్రైవరుదా తప్పు?

పెద్దలకు, డ్రైవరన్నలకు, ట్రావెల్స్ యజమానులకు, ఇంజినీరింగ్ పిల్లలకు నమస్కారం. ఇంజినీర్ల దినోత్సవం కదా, విశ్వేశ్వరయ్య గారి గురించి నా తర్వాత ముగ్గురు మాట్లాడతారు. నేను నేరుగా విషయానికొస్తా.

బండిలో ట్రాకర్ పంపేది అక్షాంశం, రేఖాంశం, వేగం, దిశ, సమయం. రోడ్డు పేరు పంపదు. అది మ్యాపు మీద ఒక చుక్క అవుతుంది, ఆ చుక్క ఏ రోడ్డుదో సాఫ్ట్‌వేరే తేల్చాలి. చాలామంది దగ్గర్లో ఉన్న రోడ్డుకు అతికించి చేతులు దులుపుకుంటారు. ఆకాశం బాగా కనబడే చోటే జీపీఎస్ నాలుగైదు మీటర్లు తప్పుతుంది. కొండ రాళ్లకు తగిలి సిగ్నల్ వస్తే ఇంకా ఎక్కువ. తిరుపతిలో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ పైనా రోడ్డే, కిందా రోడ్డే. ఎత్తు చూస్తే పోలా అంటారు. ఎత్తులో తప్పు ఇంకా పెద్దది సామీ! బండి ఏ ర్యాంపులో ఎక్కింది, ఎక్కడ దిగింది అన్నది తర్వాతి చుక్కలు వచ్చాకే తేలుతుంది. అందాకా ఆగాలి.

2009లో న్యూసన్, క్రమ్ అనే ఇద్దరు కనబడే చుక్కలను బట్టి కనబడని దారిని అంచనా కట్టే హిడెన్ మార్కోవ్ మోడల్‌తో దీనికి మంచి దారి చూపారు. చుక్క చుట్టూ ఉన్న ప్రతి రోడ్డుకూ మార్కులు వేస్తారు. చుక్క రోడ్డుకు ఎంత దగ్గరుంటే అన్ని మార్కులు. ఇంకోటి, వరసగా వచ్చిన రెండు చుక్కల మధ్య నేరు దూరానికీ, రోడ్డు వెంబడి దూరానికీ తేడా ఎంత తక్కువైతే అన్ని మార్కులు. ఆపైన అన్ని మార్కులూ కలిపి చూసే విటర్బీ పద్ధతిలో మొత్తం ప్రయాణానికి కుదిరే దారిని ఎంచుతారు.

ఇది కూడా మన తిరుమల ఘాట్ రోడ్డులో బోల్తా పడుతుంది. గంటకు 30 కి.మీ. వేగంలో నిమిషానికో చుక్క పంపితే మధ్యలో 500 మీటర్లు పోతాయి. ఆ మధ్యలో హెయిర్‌పిన్ మలుపు ఉంటే నేరు దూరం వంద మీటర్లు కూడా ఉండకపోవచ్చు. అసలు దారికే మార్కులు తగ్గుతాయి. 5 సెకన్లకొకటి పంపితే మధ్య దూరం 42 మీటర్లే. సిమ్ డేటాకు నాలుగు రూపాయలు మిగులుతాయని నిమిషానికి పెట్టేది ఎవరు? డ్రైవరా?

నా బాధ అదే. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి. అలిపిరి దగ్గర ఎక్కే బండి చుక్కను దిగే రోడ్డుకు అతికిస్తే రిపోర్టులో ‘వన్‌వేలో ఎదురు డ్రైవింగ్’ అని వస్తుంది. జీతంలో కోత పడుతుంది. చెప్పండి, ఇక్కడ ఎంతమందికి పడింది?

పిల్లలూ, మీకో మాట. ట్రాకర్ పంపే అక్షాంశం 1337.73 అంటే 13 డిగ్రీల 37.73 నిమిషాలు, అంటే 13.6288. దాన్ని 13.3773 అని చదివితే తిరుపతి బండి 28 కి.మీ. దక్షిణానికి పోతుంది. సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో వస్తుంది, మన సమయానికి అయిదున్నర గంటలు కలపండి. బస్టాండులో ఆగిన బండి చుక్కలు చుట్టూ తిరుగుతుంటాయి, రోడ్డుకు అతికించే మ్యాచింగ్‌కు ముందే తీసేయండి. మ్యాపులో వంతెననూ కింది రోడ్డునూ ఒకే కూడలి బిందువు, అంటే నోడ్‌తో కలిపేసి ఉంటే ఏ లెక్కా పనిచేయదు, ముందు మ్యాపు దిద్దండి.

డ్రైవరన్నలారా, కోత కాగితం చేతికిస్తే ట్రాకర్ పంపిన ముడి చుక్కలు అడగండి, ఎన్ని సెకన్లకొకటి వచ్చిందో అడగండి. రెండో స్థానంలో ఏ రోడ్డు నిలిచిందో, దానికెన్ని మార్కులొచ్చాయో రాసి లేకపోతే సంతకం పెట్టొద్దు.